బాతు పేజీ

టాలో క్రీక్, జార్జియా
ఫిబ్రవరి 1974

శ్రీమతి ఆల్తియా పెట్వే గారికి,

నా పేరు హెస్టర్ మే బ్యాస్కిన్. వయసు డెబ్భై ఎనిమిది అని మా చర్చి వాళ్ళ లెక్క. మా అమ్మ చెప్పినదాన్ని బట్టి ఇంకో ఏడాది ఎక్కువే ఉండాలి. ఇంట్లో ముగ్గురం. నేను, చెవులు పూర్తిగా పోయిన నా చెల్లెలు పెర్నెల్, నా మనవరాలి కూతురు ఓర్లీన్. ఓర్లీన్‌కి ఎనిమిదేళ్ళు, మూడో క్లాసు. వాళ్ళమ్మ సవానాలో ఆస్పత్రి బట్టలు ఉతికే పనిలో ఉంది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చర్చి లెక్కలు రాసే యూలా డాకిన్స్ ఈ ఉత్తరం రాస్తోంది. నా మాటల్ని మెత్తబరచనని ముందే ఒట్టు వేయించుకున్నాను. పైన ‘గారు’ అన్నది యూలా మర్యాద. నేను నిన్ను నువ్వనే అంటాను.

నువ్వు నన్ను మరిచిపోయి ఉంటావు. నువ్వు మౌంట్ నీబో బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఆ బడి పైకప్పు రేకుల కోసం చేపలు వేయించి అమ్మిన ఆడవాళ్ళలో నేనొకదాన్ని. తర్వాత తెల్లపిల్లలూ నల్లపిల్లలూ ఒకే బడిలో చదవాలన్నారు. మంచిదే అనుకున్నాం. మన బడికి తాళం వేశారు. మన టీచర్లను ఇంటికి పంపారు. మన పిల్లల్ని మాత్రం వాళ్ళ బడికి తీసుకున్నారు. నీకు తెల్లవాళ్ళ కాలేజీలో ఉద్యోగం వచ్చిందని, అక్కడి ట్రైనింగు టీచర్లు పాఠం ఎలా చెబుతున్నారో వెనక కూర్చుని చూసి పాసో ఫెయిలో రాసేది నువ్వేనని విన్నప్పుడు, చర్చిలో లేచి నిలబడి దేవుడికి స్తోత్రం చెప్పినదాన్ని కూడా నేనే. ఆ స్తోత్రం వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది నువ్వు ఇచ్చే జవాబు మీద ఉంది.

ఓర్లీన్ క్లాసులో జనవరి నుంచి మీ కాలేజీ పిల్ల మిస్ హోల్‌బ్రూక్ పాఠాలు చెబుతోంది. అసలు టీచరు మిసెస్ టీగ్ ఈ వేసవికి పని మానేస్తోంది. ఈ పిల్ల పాసైతే ఆ గది ఈ పిల్లదే. మొన్న నువ్వు వచ్చి వెనక కూర్చున్నావు. ఓర్లీన్ లేచి నిలబడి, బాతు చెరువుకి వెళ్ళిన పేజీ గడగడా చదివింది. నువ్వు నవ్వావట, కాగితం మీద ఏదో రాసుకున్నావట. ఇంటికొచ్చి ఎగిరి గంతులేసింది.

మర్నాడు కోళ్ళకు దాణా వేస్తూ, దాణా సంచీ మీది అక్షరాలు చూపించి చదవమన్నాను. పిల్ల సంచీ మీద వేలు పెట్టి, తల పైకెత్తి, "బాతు చెరువు దగ్గరికి వెళ్ళింది. చెరువులో నీళ్ళు చల్లగా ఉన్నాయి" అని మొదలుపెట్టింది. వేలు ఒకచోట, చూపు ఒకచోట, నోరు ఒకచోట. పెర్నెల్ ఏమీ వినపడకపోయినా చప్పట్లు కొట్టింది.

నాకు అక్షరం రాదు గానీ ఆ పని నాకు తెలుసు. నా చిన్నతనం నుంచి చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని, పక్కవాళ్ళు పేజీ తిప్పినప్పుడల్లా తిప్పుతూ పాడుతున్నాను. చదువు రాని మనిషి వచ్చినట్టు ఎలా నిలబడుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పిల్లను కూర్చోబెట్టి అడిగాను. నువ్వు రావడానికి వారం ముందు మీ కాలేజీనుంచి కార్డు వస్తుందట. కార్డు వచ్చిన రోజునుంచీ, మిస్ హోల్‌బ్రూక్ వెనకబల్ల దగ్గర కూర్చునే ఆరుగురు నల్లపిల్లల్ని ముందుకు తెచ్చి, తలా ఒక పేజీ కంఠస్థం చేయిస్తుందట. నువ్వు వెళ్ళిపోగానే మళ్ళీ వెనకబల్ల, మళ్ళీ రంగు పెన్సిళ్ళు.

పిల్లకు చదువు రాలేదు, నేర్పించండి అని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన సొరుగులోంచి నీ కాగితం తీసి చూపించాడు. "చక్కగా చదువుతోందని రాసింది మీ మనిషే కదా హెస్టర్, ఇంకేం కావాలి?" అన్నాడు.

నీ మాటతోనే నా నోరు మూశారు. దీనికి ఏమంటావు?

హెస్టర్ మే బ్యాస్కిన్


మెర్రివెల్, జార్జియా
మార్చి 1974

శ్రీమతి బ్యాస్కిన్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీ ఆందోళన నాకు అర్థమైంది.

మా పని పద్ధతి మీకు తెలియకపోవచ్చు. ట్రైనింగులో ఉన్నవాళ్ళు కంగారు పడకుండా వారం ముందు కార్డు పంపడం కాలేజీ నియమం. పాఠం జరుగుతున్నంతసేపూ సూపర్‌వైజర్ వెనక కుర్చీలోంచి లేవకూడదు, మాట్లాడకూడదు. చెప్పవలసింది పాఠం అయ్యాక ఆ అమ్మాయితో విడిగా చెప్పాలి. ఆ రోజు నేను చూసినదీ విన్నదీ రాశాను. పిల్లలు అక్షరాలు పట్టుబడకముందు మాటలు కంఠస్థం చేయడం మామూలే. అదొక దశ. మీరు మిసెస్ టీగ్‌తో మాట్లాడితే బాగుంటుంది. ఒక విద్యార్థిని ఫలితం గురించి బయటివాళ్ళతో చర్చించే అధికారం నాకు లేదు.

మౌంట్ నీబో పైకప్పు నాకు గుర్తుంది. చేపలు కూడా.

భవదీయురాలు,
ఆల్తియా పెట్వే


టాలో క్రీక్
మార్చి 1974

ఆల్తియా,

నీ ఉత్తరం యూలా చదివి వినిపించింది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివినా అందులో ఏమీ లేదు. కాగితం మాత్రం మంచిది, దళసరిగా ఉంది.

నన్ను శ్రీమతి బ్యాస్కిన్ అన్నావు. ఈ కౌంటీలో తెల్లవాడెవడూ నన్ను అలా పిలిచిన పాపాన పోలేదు. కొట్టువాడి పదేళ్ళ కొడుకు కూడా హెస్టర్ అనే అంటాడు. ఇన్నాళ్ళకు ఒకరు శ్రీమతి అన్నారు కదా అని సంతోషించబోయాను. తర్వాత అర్థమైంది, నన్ను ఆమడ దూరంలో కూర్చోబెట్టడానికి అన్నావని. మౌంట్ నీబోలో నన్ను పెద్దమ్మా అనేదానివి.

మా చర్చి డీకన్ రూఫస్ ఆ బడిలో నేలలు తుడుస్తాడు. నువ్వు మొదటిసారి వచ్చిన రోజు ఆఫీసు గది దగ్గరే ఉన్నాడు. నీలం కోటు వేసుకుని, చేతిసంచీ పట్టుకుని ముందు తలుపులోంచి వచ్చావట. బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ తలెత్తకుండానే, "వంటింటి పనివాళ్ళు వెనకవైపునుంచి రావాలి" అందట. నువ్వు కాలేజీ కాగితం చూపించినా నమ్మక, ఫోను చేసి కనుక్కునేదాకా నిన్ను నిలబెట్టిందట. ఇది నీ ఉత్తరంలో లేదు. నీ పరిస్థితి నాకు తెలియదనుకోకు.

అయినా నువ్వు ఆ తలుపు దాటావు. ఓర్లీన్ ఇంకా బయటే ఉంది.

కార్డు వేయకుండా రా. ఒక్కసారి. బాతు పేజీ కాకుండా వేరే పేజీ తిప్పి చూడు. నా మాట అబద్ధమైతే మీ కాలేజీకే వచ్చి, అందరి ముందూ నీకు క్షమాపణ చెబుతాను. నా జన్మలో నేను ఎవరికీ చెప్పలేదు, కాబట్టి అదెలా ఉంటుందో చూడడానికైనా రా.

హెస్టర్


మెర్రివెల్
ఏప్రిల్ 1974

హెస్టర్ పెద్దమ్మకు,

మీరు క్షమాపణ చెప్పే పని లేదు.

మంగళవారం కార్డు వేయకుండా వెళ్ళాను. ముందు వరసల్లో చదువు జరుగుతోంది. వెనకబల్ల దగ్గర ఆరుగురూ ఈస్టర్ గుడ్ల బొమ్మలకు రంగులు వేస్తున్నారు. నన్ను చూసి మిస్ హోల్‌బ్రూక్ చేతిలోని సుద్దముక్క కింద పడేసింది.

పాఠం అయ్యాక పుస్తకాల గదిలో విడిగా మాట్లాడాను. నేను గొంతు పెంచలేదు పెద్దమ్మా. గొంతు పెంచితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ అమ్మాయి అబద్ధం కూడా ఆడలేదు. "వాళ్ళు తడబడితే మీకు చిన్నతనంగా ఉంటుందనుకున్నాను. మీవాళ్ళు బాగా చదువుతుంటే మీరు సంతోషిస్తారని ముందుకు తెచ్చాను," అంది. తను నాకు మేలు చేశాననే అనుకుంటోంది. నేను తెల్లమనిషినైతే ఆ ఆరుగురినీ నా కంటపడకుండా దాచేది. నల్లమనిషిని కాబట్టి నాకు అలంకరించి చూపించింది.

ఆ అమ్మాయి లెక్క తప్పలేదు. నేను నిజంగానే సంతోషించాను. ఓర్లీన్ చదువుతుంటే నా కడుపు నిండింది. ఏ తెల్లపిల్ల చదివినా, పాఠం అయ్యాక ఇంకో పేజీ తిప్పమని అడిగేదాన్ని. ఆ రోజు అడగాలని తోచలేదు.

ఉన్నది ఉన్నట్టు కొత్తగా రాసి, మొదటిది కొట్టేయమని మా డైరెక్టరు డాక్టర్ ల్యాండ్రమ్‌కి ఇచ్చాను. కార్డు లేకుండా వెళ్ళిన రోజు లెక్కలోకి రాదన్నారు. అప్పటికే మిస్ హోల్‌బ్రూక్ ఆయన గదిలో ఏడ్చి వెళ్ళింది. నేను చూసే చూపుకి తనకి నిద్ర పట్టడం లేదని చెప్పిందట. "కొంచెం నవ్వుతూ ఉండండి ఆల్తియా," అని ఆయన నాకు సలహా ఇచ్చారు.

ఇంకా ప్రయత్నిస్తున్నాను. ఓపిక పట్టండి.

మీ
ఆల్తియా


టాలో క్రీక్
ఏప్రిల్ 1974

ఆల్తియా,

ఓపిక గురించి నాకు చెప్పకు. నేను ఓపిక పట్టినన్నాళ్ళూ నాకు ఒరిగిందేమీ లేదు.

నీ ఉత్తరంలో మళ్ళీ సగమే రాశావు. మిగతా సగం ఓర్లీన్ చెప్పింది. పాఠం నడుస్తూ ఉండగానే నువ్వు వెనక కుర్చీలోంచి లేచావట. వెనకబల్ల దగ్గరికి వెళ్ళి, మంచి మేజోళ్ళతో నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, పుస్తకం తెరిచి, వేరే పేజీలో వేలు పెట్టి, "ఇది ఏమిటమ్మా?" అని అడిగావట. పిల్లకు తెలియలేదు. ఇంకోటి అడిగావు, తెలియలేదు. గుండ్రంగా ఉన్న అక్షరం ఒక్కటి చెప్పింది, తన పేరు దాంతోనే మొదలవుతుంది కాబట్టి. గది మొత్తం వెనక్కి తిరిగి చూసిందట. లేచేటప్పటికి నీ మేజోడు మోకాలి దగ్గర చిరిగింది. "తాతమ్మా, ఆవిడ పిన్నీసు కూడా పెట్టుకోలేదు, అలాగే వెళ్ళిపోయింది," అంది పిల్ల. ఆ మాట రోజూ చెబుతోంది.

లేవకూడదని నాకు రాశావు. లేచావని మాత్రం రాయలేదు. ఎందుకు దాచావో నాకు తెలుసు. నీ కారు గేటు దాటకముందే ప్రిన్సిపాల్ మీ కాలేజీకి ఫోను చేశాడని రూఫస్ చెప్పాడు.

చర్చిలో వెనక్కి తీసుకుందామనుకున్న స్తోత్రం అక్కడే ఉండనిచ్చాను.

ఇప్పుడు నా సంగతి. బిడ్డను పెంచేవాళ్ళు వాంగ్మూలం ఇస్తే, పాస్ చేసే కమిటీ దాన్ని చదివి తీరాలని యూలా కనుక్కుంది. నాకు సంతకం రాదు, గుర్తే పెడతాను. గుర్తుకు సంతకం పెట్టగల ఇద్దరు సాక్షులు ఉండాలట. యూలా ఒకరు. రెండో మనిషిని చూసుకుంటున్నాను.

నిన్ను అడగడం లేదు.

హెస్టర్


మెర్రివెల్
మే 1974

పెద్దమ్మకు,

మీరు అడగలేదు. అడగలేదన్న మాట మీద నాకు వారం రోజులుగా నిద్ర లేదు.

మీకు చెప్పనివి ఇంకా ఉన్నాయి. ఈ పనిలో ఉన్న నల్లమనిషిని నేనొక్కదాన్నే. నా ఉద్యోగం ఏడాదికోసారి పొడిగిస్తారు, ఆ కాగితం ఈ నెలలోనే రావాలి. నా కింద ఉన్న ట్రైనింగు పిల్లల్లో ముగ్గురు వేరే సూపర్‌వైజర్‌ని ఇమ్మని అడిగారు. ఒక అబ్బాయి నాలుగు నెలలుగా నేను చెప్పిన ప్రతి మాటా మిసెస్ టీగ్ లాంటి తెల్ల టీచర్ల దగ్గరికి తీసుకెళ్ళి, ఇది నిజమేనా అని అడిగి వస్తాడు. నేను ఎన్నేళ్ళు పాఠాలు చెప్పానో వాళ్ళెవరూ నన్ను అడగరు, పదిహేడేళ్ళని నేను చెప్పినా వినరు.

నిన్న డాక్టర్ ల్యాండ్రమ్ తలుపు వేసి, కాఫీ తెప్పించి మాట్లాడారు. మొదటి రిపోర్టు బాగుందన్నారు, అలా ఉండనిమ్మన్నారు. మిస్ హోల్‌బ్రూక్ చిన్నపిల్ల, నేర్చుకుంటుందన్నారు. తర్వాత ఎంతో స్నేహంగా, "తల్లిదండ్రుల ఫిర్యాదులేవో వస్తాయని విన్నాను. అలాంటి కాగితం మీద మీ పేరు ఉంటే నేను కూడా ఏమీ చేయలేను," అన్నారు.

నా ఒక్కదాని సంగతైతే ఇంత ఆలోచించను. నేను పోతే ఆ వెనక కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఏటా ఇరవైమంది ట్రైనింగు పిల్లలు మన బిడ్డలున్న గదుల్లోకి వెళుతున్నారు. వాళ్ళను మన కళ్ళతో చూసేది నేనొక్కదాన్నే. ఒక్క పిల్లకోసం ఆ కుర్చీ వదులుకోవడం న్యాయమా?

వాంగ్మూలం ఈ నెల ఆపండి. నా కాగితం వచ్చాక ఇద్దరం కలిసి వేరే దారి చూద్దాం. శనివారాలు నేనే వచ్చి ఓర్లీన్‌కి చదువు చెబుతాను. మాట ఇస్తున్నాను.

మీ
ఆల్తియా


టాలో క్రీక్
మే 1974

ఆల్తియా,

నీ ఉత్తరం విని నేను కోప్పడలేదు. యూలా ఆశ్చర్యపోయింది.

నువ్వు అడిగినదానికి జవాబు నా దగ్గర ఒకటే ఉంది. నువ్వు కుర్చీలో కూర్చున్న రోజు ఆ గదిలో బాతు చెరువుకి వెళ్ళింది. లేచిన రోజు నిజం బయటపడింది. ఇక కుర్చీ లెక్క నువ్వే చూసుకో.

ఆపడం కుదరదు. నీ కాగితం వచ్చేలోపల ఆ పిల్ల పాసైపోతుంది. గది ఇచ్చేస్తారు. ఓర్లీన్ నాలుగో క్లాసుకి బాతు పేజీ ఒక్కటి పట్టుకుని వెళుతుంది, అక్కడా వెనకబల్ల దగ్గరే కూర్చుంటుంది. మిగతా ఐదుగురూ అంతే. శనివారాలు నువ్వు వచ్చి చెబుతానంటే రా, వద్దనను. కానీ దొంగచాటుగా నేర్పాల్సిన చదువా అది?

పాస్టర్‌ని సాక్షిగా రమ్మన్నాను. ప్రార్థన చేస్తానన్నాడు. ప్రార్థన సంతకం పెట్టదు కదా అన్నాను. రూఫస్ వస్తానన్నాడు, నేనే వద్దన్నాను. వాడికి చిన్నపిల్లలున్నారు, ఆ బడి నేలలే వాడి అన్నం.

ఈ శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో గుర్తు పెడుతున్నాను. చేపలు వేయిస్తాను. పెర్నెల్ బల్ల తుడిచి ఇప్పటినుంచే రెండు పెన్నులు పెట్టి కూర్చుంది. ఒకటి చాలు అని చేత్తో చూపిస్తే నా చేతి మీద కొట్టింది.

రెండో మనిషి దొరకకపోతే ఒక్క సాక్షితోనే పంపుతాను. చెల్లదంటారు. చెల్లదని నా ముఖం చూసి చెప్పమంటాను.

హెస్టర్


టాలో క్రీక్, జార్జియా
మే 1974, శనివారం

కాలేజీలో టీచర్లను పాస్ చేసే కమిటీ వారికి,

నేను హెస్టర్ మే బ్యాస్కిన్‌ని. వయసు డెబ్భై ఎనిమిది దాటింది. టాలో క్రీక్‌లో నా సొంత ఇంట్లో నా చెల్లెలు పెర్నెల్‌తో, నా మనవరాలి కూతురు ఓర్లీన్‌తో ఉంటున్నాను. ఎవరి దగ్గరా పని చేయడం లేదు కాబట్టి నన్ను తీసేయడానికి ఎవరికీ వీలు లేదు. నాకు చదువు రాదు. రాకపోవడం నా తప్పు కాదు. నేను చదువుకునే వయసులో నాకు పత్తిచేను చూపించారు గానీ బడి చూపించలేదు. అందుకే ఓర్లీన్ సంగతి మీరు వినాలి.

నేను చెప్పేది ఇది. మీ విద్యార్థిని మిస్ హోల్‌బ్రూక్, మీ మనిషి వస్తున్నట్టు కార్డు వచ్చినప్పుడల్లా ఆరుగురు నల్లపిల్లల్ని ముందు వరసకి తెచ్చి తలా ఒక పేజీ కంఠస్థం చేయించింది. మీ మనిషి వెళ్ళిపోగానే వాళ్ళను వెనకబల్ల దగ్గరికి పంపి రంగు పెన్సిళ్ళు ఇచ్చింది. ఓర్లీన్ పేజీ బాతు పేజీ. ఆ పిల్లకు వేరే ఏ పేజీ ఇచ్చినా చదవలేదు. ఆ బాతు పేజీ కూడా చదవలేదు, అప్పజెబుతుంది.

ఆ అమ్మాయి చెడ్డదని నేను అనడం లేదు. ఓర్లీన్‌కి జలుబు చేస్తే తన సొంత రుమాలు ఇచ్చింది. దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి పంపాను. కానీ ఈ పిల్లలు నేర్చుకోగలరని ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా అనుకోలేదు. నేర్చుకోగలరని అనుకున్నవాళ్ళెవరూ అప్పజెప్పించరు, నేర్పుతారు. ఆ అమ్మాయి నేర్పడం నేర్చుకునేదాకా ఆ గది ఆమెకు ఇవ్వకండి. ఓర్లీన్ చక్కగా చదువుతోందని మీ దగ్గరున్న మొదటి కాగితాన్ని కొట్టేయండి. ఓర్లీన్‌కీ, మిగతా ఐదుగురికీ బడిలోనే, బడి వేళల్లోనే చదువు నేర్పించండి.

మిసెస్ పెట్వే నాచేత ఈ మాటలు చెప్పించిందని మీరంటారు. ఆవిడ నన్ను ఆగమంది. నేను ఆగలేదు.

నా మాట మీద నమ్మకం లేకపోతే నేను ఓర్లీన్‌ని తీసుకుని మీ కాలేజీకి వస్తాను. ముందు తలుపులోంచి వస్తాను. పుస్తకం మీరే తెండి. పేజీ కూడా మీరే తిప్పండి. బాతు పేజీ తప్ప ఏదైనా సరే.

దీన్ని నాకు చదివి వినిపించారు. ఒకచోట ‘అసంతృప్తి’ అని రాస్తే కొట్టేయించాను. కోపం అని రాయించాను.

హెస్టర్ మే బ్యాస్కిన్, ఆమె గుర్తు: ×

గుర్తు పెడుతుండగా చూసిన సాక్షులు:

యూలా డాకిన్స్, టాలో క్రీక్

ఆల్తియా పెట్వే, మౌంట్ నీబో బడి టీచరు